అంగుళానికి ఆరడుగులు

మా గది కిటికీ తెరిస్తే ఎర్రమంజిల్ మెట్రో వంతెన కనబడుతుంది. కిటికీ ప్రక్కనే ఒక బల్ల. ఆ బల్ల మీద పుస్తకాల దొంతరకు ఆనుకొని, అరచేతిలో ఇమిడే ఒక స్పిట్‌ఫైర్ విమానం ఉన్నది. ఈ రెక్క కొన నుండి ఆ రెక్క కొనకు సుమారు పదిహేనున్నర సెంటీమీటర్లు. అసలు విమానంలో డెబ్భై రెండవ వంతు. నేను చిన్ననాట చేసిన మొదటి నమూనా అది. రెక్కల అతుకు వద్ద జిగురు పొంగి గడ్డకట్టింది, ఒక చక్రం వంకర పోయింది. ఇవేవీ నన్ను బాధించవు. రెక్క మీది వలయం నడుమ ఒక ఎర్రని చుక్క ఉన్నదే, దానిని చూసినప్పుడు మాత్రం ఇప్పటికీ కొంచెం సిగ్గు వేస్తుంది. ఆ చుక్క అక్కడ ఉండకూడదు. అది నా చేతి పని.

1990ల నాటి మాట. మా మేనమామ విదేశం నుండి వస్తూ ఒక అట్టపెట్టె తెచ్చి ఇచ్చాడు. లోపల ప్లాస్టిక్ చట్రాలకు అంటుకొని ఉన్న ముక్కలు, జతపరిచే క్రమం చూపే కాగితం, నీళ్ళలో నానబెట్టి అంటించవలసిన గుర్తుల కాగితం. అటువంటి కిట్లు ఆ రోజుల్లో మన ఊరి అంగళ్ళలో అరుదు, వాటికి తగిన రంగులు మరీ అరుదు. నేను పడిన తిప్పలు ఇక్కడ ఏకరువు పెట్టను. అన్ని ముక్కలూ జతపరచి, గుర్తులు అంటించబోతే, రెక్కల మీది వలయంలో రెండు నీలాలే కనిపించాయి: బయట ముదురు, లోపల లేత. బ్రిటిష్ విమానాల మీద నీలం, తెలుపు, ఎరుపు వరుసగా ఉంటాయని నేను బొమ్మల పుస్తకాల్లో చూసి ఉన్నాను. అచ్చువేసిన వాడు ఎరుపును మరచిపోయాడని తీర్మానించి, మా అక్క గోళ్ళరంగు సీసా తెచ్చి నాలుగు వలయాల్లోనూ నాలుగు చుక్కలు పెట్టాను. తరువాత ఎవరో చెప్పగా మూడింటిని గీకివేశాను. నాలుగవదానిని ఎందుకో వదిలివేశాను.

అదే కాగితం అడుగున ఇంకొక సంగతి ఉన్నది. ఆ విమానం 152వ స్క్వాడ్రన్‌కు చెందినదనీ, బర్మా రంగంలో ఎగిరిందనీ వ్రాసి, స్క్వాడ్రన్ సంఖ్య ప్రక్కన కుండలీకరణాలలో ఒక్క మాట చేర్చారు: హైదరాబాద్.

ఏ హైదరాబాద్? సింధులోనూ ఒకటి ఉన్నది గదా! ఇంట్లో ఎవరికీ తెలియలేదు. తాతయ్యను అడిగాను. ఆయనది నల్లగొండ జిల్లా. నిజాం కాలంలో పుట్టి పెరిగినవాడు. విమానాన్ని చేతిలోకి తీసుకొని అటూ ఇటూ త్రిప్పి చూసి, "మన నిజామే ఇచ్చి ఉంటడు బిడ్డా. మా నాయన కట్టిన శిస్తు గాలిల ఎగిరిందన్నట్టు" అని నవ్వాడు.

ఆనాడు నాకు ఆ నవ్వు మాత్రమే అర్థమైంది. మాట అర్థం కావడానికి చాలా సంవత్సరాలు పట్టింది. ఈ టపా ఆ మాటకు వ్యాఖ్యానమే.

*

ముందుగా కొలత గురించి చెప్పాలి. డెబ్భై రెండవ వంతు అనే ఈ వింత లెక్క ఎక్కడినుండి వచ్చింది? పదవ వంతో, నూరవ వంతో కాక డెబ్భై రెండే ఎందుకు? దీని పుట్టిల్లు ఇంగ్లండు. అక్కడి కొలతలు అడుగులు, అంగుళాలు. ఆరు అడుగులకు డెబ్భై రెండు అంగుళాలు గనుక, ఆరడుగులను ఒక అంగుళంగా కుదిస్తే డెబ్భై రెండవ వంతు అవుతుంది. అంటే నిండు మనిషి ఒక్క అంగుళం. విమానం ఎంత పెద్దదో చెప్పడానికి దాని ప్రక్కన అంగుళం మనిషిని నిలబెడితే చాలు. 1930 దశకంలో స్కైబర్డ్స్ అనే కొయ్య నమూనాలు ఈ కొలతను వ్యాప్తిలోకి తెచ్చాయి. 1936లో ఫ్రాగ్ సంస్థ పెంగ్విన్ అనే పేరుతో ఇదే కొలతలో ప్లాస్టిక్ ముక్కల పెట్టెలను అమ్మకానికి పెట్టింది.

యుద్ధం వచ్చి ఈ ఆటవస్తువుకు అకస్మాత్తుగా గౌరవం తెచ్చింది. మబ్బుల్లో కనిపించే నల్లని నీడ మనదా, శత్రువుదా అని క్షణంలో గుర్తుపట్టాలంటే దాని ఆకారం కంటికి అలవాటు కావాలి. అందుకు నమూనాలు కావాలి. 1942లో అమెరికా నౌకాదళం తమ దేశపు బడిపిల్లలను ఐదు లక్షల నమూనాలు చేసి ఇమ్మని కోరింది. యాభై రకాల విమానాలు, రకానికి పదివేల చొప్పున. కొలత మళ్ళీ అదే డెబ్భై రెండవ వంతు. పిల్లలు కొయ్య చెక్కి, నల్లరంగు పూసి పంపించారు. యుద్ధం ముగిశాక పాలిస్టైరీన్ అనే ప్లాస్టిక్ చవకగా దొరకసాగింది. 1939లో నికొలస్ కోవ్ అనే హంగరీ దేశస్థుడు ఇంగ్లండులో స్థాపించిన ఎయిర్‌ఫిక్స్ సంస్థ 1952లో గోల్డెన్ హైండ్ ఓడను సంచిలో పెట్టి రెండు షిల్లింగులకు అమ్మించింది. మరుసటి ఏడు స్పిట్‌ఫైర్ వచ్చింది. అప్పటినుండి లోకమంతటా పిల్లల బల్లల మీద యుద్ధాలు చిన్నవై నిలిచిపోయాయి.

ఇది మనకు పరాయి విద్య అని అనుకోనక్కరలేదు. కొండపల్లి వెళ్ళి చూడండి. తెల్ల పొణికి కర్రను ఎండబెట్టి, ఎద్దులు వేరుగా, చక్రాలు వేరుగా, బండివాడి చేతులు వేరుగా చెక్కుతారు. చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపి నూరిన మక్కుతో వాటిని జతపరచి, అతుకులు కనబడకుండా పూడ్చి, ఉప్పుకాగితంతో రుద్ది, సున్నం పూత పూసి, ఆ పైన రంగులు వేస్తారు. ప్లాస్టిక్ కిట్టు చేసేవాడు జిగురు, పుట్టీ, ప్రైమర్, రంగు అనే నాలుగు పేర్లతో చేసే పని అదే వరుసలో ఇదే. ఎడ్లబండి, పల్లకి, అంబారీ ఏనుగు: అవి మన వాహనాల నమూనాలు కాక మరేమిటి? తేడా ఒక్కటే. కొండపల్లి బండికి ఊరు పేరు ఉండదు. ఏ ఊరి బండి అయినా అదే. ప్లాస్టిక్ విమానానికి మాత్రం సంఖ్య ఉంటుంది, దళం ఉంటుంది, తేదీ ఉంటుంది. అది విమానజాతికి బొమ్మ కాదు. ఫలానా రోజున ఫలానా చోట ఎగిరిన ఒకే ఒక్క విమానానికి బొమ్మ. కనుకనే దాని మీద వ్రాసిన ప్రతి అక్షరానికీ చరిత్ర సమాధానం చెప్పవలసి ఉంటుంది.

*

హైదరాబాద్ అనే అక్షరాల చరిత్ర 1918లో మొదలవుతుంది.

మొదటి ప్రపంచ యుద్ధం చివరి సంవత్సరం. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ గద్దెనెక్కి అప్పటికి ఏడేళ్ళు. బ్రిటిష్ రాయల్ ఎయిర్‌ఫోర్స్ 110వ స్క్వాడ్రన్‌కు కావలసిన విమానాలన్నీ ఆయన ఇచ్చిన డబ్బుతో సమకూరాయి. అవి డీహెచ్ 9ఎ రకం బాంబరు విమానాలు. సైనికుల నోట 'నైన్-యాక్' అయి, చివరకు 'నైనాక్' అని స్థిరపడ్డ పేరు. కొయ్య అస్థిపంజరం, పైన బిగించి కట్టిన గుడ్డ, ఆ గుడ్డ మీద రంగు కలిపిన వార్నిషు, ముందు నాలుగు వందల అశ్వశక్తి గల లిబర్టీ ఇంజను. దాత పేరు విమానం విమానం మీద వ్రాశారు. హైదరాబాదు నిజాం ప్రభువు బహూకరించినది అని ఒక పంక్తి, దాని క్రింద హైదరాబాద్ అనే మాట, వరుస సంఖ్య.

1918 సెప్టెంబరు 1న ఆ దళం ఫ్రాన్సు చేరింది. పట్టపగలు సరిహద్దు దాటి, జర్మనీ లోపలి పట్టణాల మీద, రైలు కూడళ్ళ మీద బాంబులు వేసి రావడం దాని పని. వెళ్ళినవన్నీ తిరిగి రాలేదు. నష్టాలు భారీగా ఉండేవి. అక్టోబరు 5న కైజర్స్‌లాటర్న్ వైపు వెళ్ళిన విమానాలలో ఒకటి శత్రువు చేత చిక్కింది. దాని సంఖ్య ఎఫ్ 1010. దాని మీద వ్రాసి ఉన్నది: హైదరాబాద్ నంబరు 12ఎ. నడిపిన కెప్టెన్ ఇంగ్లిస్, వెనుక కూర్చున్న సెకండ్ లెఫ్టినెంట్ బాడ్లీ ప్రాణాలతో బందీలయ్యారు. మరి ముప్పై ఏడు రోజులకు యుద్ధమే ముగిసింది.

బందీలు ఇళ్ళకు వెళ్ళారు గాని విమానం వెళ్ళలేదు. జర్మన్లు దానిని యుద్ధంలో గెలుచుకున్న వస్తువుగా దాచుకొని, బెర్లిన్‌లోని విమాన ప్రదర్శనశాలలో పెట్టారు. రెండవ ప్రపంచ యుద్ధంలో బెర్లిన్ మీద బాంబులు పడసాగినప్పుడు ఆ ప్రదర్శనశాల సామగ్రిలో కొంత భాగాన్ని తూర్పుకు తరలించారు. ఆ తరలింపులో ఎఫ్ 1010 నేటి పోలండు భూభాగానికి చేరింది. యుద్ధానంతరం క్రాకో నగరపు విమాన ప్రదర్శనశాల సొత్తయింది. 1977లో బ్రిటిష్ వారు ఒక స్పిట్‌ఫైర్‌ను పోలండుకు ఇచ్చి, బదులుగా దీనిని తెచ్చుకున్నారు. లేని భాగాలను కొత్తగా చేసి జతపరచి, లండన్ శివారులోని హెండన్ ప్రదర్శనశాలలో నిలబెట్టారు. ఒక విధంగా అదీ నమూనాయే. కొలత మాత్రం ఒకటికి ఒకటి. మన ఊరి పేరు మోస్తూ ఇంగ్లండులో పుట్టి, ఫ్రాన్సులో కొలువు చేసి, జర్మనీలో చెర అనుభవించి, పోలండులో తలదాచుకొని, మళ్ళీ ఇంగ్లండు చేరిన విమానం అది. హైదరాబాదును మాత్రం అది ఎన్నడూ చూడలేదు.

హైదరాబాద్ పేరు అక్కడితో ఆగలేదు. రెండవ యుద్ధంలోకి బ్రిటన్ దిగిన మరునాడే, 1939 సెప్టెంబరు 4న, జర్మనీ యుద్ధనౌకల మీద రాయల్ ఎయిర్‌ఫోర్స్ జరిపిన మొట్టమొదటి బాంబు దాడిలో పాల్గొన్న బ్లెన్‌హైమ్ విమానాలలో 110వ స్క్వాడ్రన్‌వీ ఉన్నాయి. అదే ఏడు మరి రెండు దళాలు మళ్ళీ లేచాయి. 253వది హైదరాబాద్ స్టేట్ స్క్వాడ్రన్. హరికేన్ విమానాలతో 1940లో లండన్ దక్షిణాన కెన్లీ నుండి పోరాడింది. 152వది హైదరాబాద్ స్క్వాడ్రన్. స్పిట్‌ఫైర్‌లతో అదే వేసవిలో డార్సెట్ తీరాన వార్మ్‌వెల్‌లో విడిసింది. 1943 చివర మన తూర్పు సరిహద్దుకు వచ్చి, ఇంఫాల్ మీదుగా బర్మాలోకి సాగిన సేనలకు పైన గొడుగు పట్టింది. అక్కడ దాని విమానాల ప్రక్కన ఒక నల్లని చిరుత దుముకుతున్నట్టు చిత్రించేవారు. వలయాన్ని దాటి ముందుకు దూకే ఆ చిరుత కోసమే ఈనాటికీ నమూనాలు చేసేవారు ఆ దళాన్ని ఎంచుకుంటారు.

చిన్నప్పటి నా ప్రశ్నకు సమాధానం ఆ దళం ముద్రలోనే ఉన్నది. 152వ స్క్వాడ్రన్ ముద్ర నడుమ ఉన్న బొమ్మ హైదరాబాదు నిజాం ధరించే తలపాగా. సింధు ప్రసక్తే లేదు. క్రింద నినాదం: నమ్మిన మిత్రుడు. 1918లో బ్రిటిష్ ప్రభుత్వం నిజాముకు ఇచ్చిన బిరుదు అది. ఆ బిరుదే దళానికి నినాదమైంది.

ఇక ఎర్రచుక్క. బర్మా రంగంలో ఎదుటివాడు జపాను. జపాను విమానాల గుర్తు ఎర్రని సూర్యబింబం. వలయం నడుమ ఎరుపు ఏ కొంచెం కనబడినా, అరక్షణపు తొందరలో తనవాడే తనవాడిని కాల్చే ప్రమాదం ఉండేది. కనుక ఆ రంగంలో ఎగిరే బ్రిటిష్ విమానాల మీద ఎరుపును పూర్తిగా తీసివేసి, నీలాలతోనో నీలం తెలుపులతోనో వలయం వ్రాశారు. అంటే కిట్టులోని కాగితం అచ్చువేసినవాడు ఏమీ మరచిపోలేదు. ఆ లేని ఎరుపే ఆ విమానం ఎక్కడ ఎగిరిందో, ఎవరితో పోరాడిందో చెప్పే సాక్ష్యం. నేను గోళ్ళరంగుతో దానిని దిద్ది, సాక్ష్యాన్ని చెరిపివేశాను. చరిత్ర వ్రాసేవారు తరచుగా చేసే పొరపాటు ఇదేనని తరువాత తెలిసింది. ఖాళీ కనబడగానే, అది ఎందుకు ఖాళీగా ఉన్నదని అడగక, తెలిసిన రంగుతో నింపివేస్తాము.

*

రంగు మాట వచ్చింది గనుక మా పేట పేరును కూడా తలచుకోవాలి.

ఎర్రమంజిల్ అసలు పేరు ఇరమ్ మంజిల్. ఇరమ్ అంటే పారసీ, అరబ్బీ సాహిత్యాలలో స్వర్గతుల్యమైన ఉద్యానం. నిజాం ప్రభుత్వంలో మంత్రిగా ఉన్న నవాబు ఫఖ్రుల్ ముల్క్ 1870 ప్రాంతంలో ఈ గుట్ట మీద మహలు కట్టించాడు. నూట యాభై గదులని చెబుతారు. మహలుకు ఎర్రరంగు వేయించాడు. చుట్టుప్రక్కల తెలుగువారి నోట ఇరమ్ కాస్తా ఎర్ర అయింది. నవాబు చెవికి స్వర్గం, మన చెవికి ఎరుపు; ఒకే పలుకులో రెండు భాషలు సర్దుకున్నాయి. తరువాత మహలు ప్రభుత్వ కార్యాలయాలకు నెలవైంది. 2019 జూన్‌లో ఆ ఆవరణలో కొత్త శాసనసభ కట్టడానికి శంకుస్థాపన జరిగింది. పాత మహలును పడగొట్టాలన్నది తలంపు. ఆ సెప్టెంబరులో హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టివేయడంతో మహలు నిలిచింది. అయితే ఆ నాటి ఎరుపు మాత్రం గోడల మీద లేదు. రంగు ఏనాడో పోయింది, దానిని పిలిచిన పేరు మిగిలింది. ఆ పేరే మెట్రో స్టేషను పలక మీద కూడా ఉన్నది. ఆ మార్గానికి రెడ్ లైన్ అని పేరు పెట్టినవారికి ఈ సంగతి తట్టిందో లేదో!

రంగులు వేగంగా చస్తాయి. నమూనాలు చేసేవారికి ఇది బాగా తెలుసు. నైనాక్ విమానాల మీద పూసిన రంగుకు పీసీ 10 అని పేరు. ఇనుప ధాతువు కలిసిన పసుపు మట్టి, దీపపు మసి కలిపి చేసేవారు. అది ఆకుపచ్చ ఛాయా, గోధుమ ఛాయా అని నమూనాకారులు దశాబ్దాలుగా వాదులాడుకుంటున్నారు. నూనె వార్నిషులో కలిపితే ఒక తీరు, సెల్యులోజ్ వార్నిషులో కలిపితే ఇంకొక తీరు; కొత్తగా ఉన్నప్పుడు ఒక రంగు, ఎండకు ఎండాక వేరొక రంగు. నలుపు తెలుపు ఛాయాచిత్రాలు ఈ తగవు తీర్చలేవు. గుడ్డ పీలికలు మిగిలిన చోట వాటిని చూచి, రంగు కలిపే పాత పట్టీలు వెదికి, తలా ఒక సీసా కలుపుకుంటారు. బయటివారికి ఇది పిచ్చిగా తోచవచ్చు. కాని ఒక వస్తువు నిజంగా ఎలా ఉండేదో తెలుసుకోవాలన్న పట్టుదల, ఎవరూ అడగకపోయినా తప్పు చేయకూడదన్న భయం, ఇవి చరిత్రకారునికి ఉండవలసిన గుణాలు కావా?

మన ఊరి పేరు ఉన్న విమానాల గురించి మన పాఠ్యపుస్తకాలలో నేను చదువలేదు. మా బడిలో ఎవరూ చెప్పలేదు. కాని లోకంలో ఎక్కడెక్కడో, హైదరాబాదు పటంలో ఎక్కడుందో కూడా చూసి ఉండని మనుషులు, రాత్రి భోజనమయ్యాక దీపం క్రింద కూర్చొని, శ్వాస బిగబట్టి, ఆ అక్షరాలను ఒక్కొక్కటిగా నీళ్ళలో నానబెట్టి విమానం ప్రక్కన జార్చి సరిచేస్తున్నారు. అరడుగు అక్షరం ఆ కొలతలో రెండు మిల్లీమీటర్లు. మనం మరచిపోయిన మాటను వారు భూతద్దంతో చదువుతున్నారు.

*

ఇక్కడితో ఆపితే ఇది ఊరి గొప్ప చెప్పుకునే టపా అవుతుంది. తాతయ్య నవ్వు నన్ను ఆపనివ్వదు.

నైనాక్ విమానాలు జర్మనీ మీద ఎగిరిన ఆ నెలల్లోనే దక్కను ఎట్లా ఉన్నది? 1918లో నైరుతి ఋతుపవనం ముఖం చాటేసింది. పంటలు ఎండాయి. సెప్టెంబరు, అక్టోబరు మాసాల్లో ఇన్‌ఫ్లుయెంజా మహమ్మారి దేశమంతటితో పాటు దక్కనును ఊపివేసింది. ఎఫ్ 1010 నేలకు దిగిన అక్టోబరు 5న, దాని మీద ఏ సంస్థానం పేరు వ్రాసి ఉన్నదో ఆ సంస్థానపు పల్లెల్లో జ్వరంతో మనుషులు రాలిపోతున్న కాలం అది. సంస్థాన జనాభాలో అన్ని భాషలవారికంటె తెలుగువారే ఎక్కువ. డబ్బు దివానీ ఖజానా నుండి వెళ్ళినా, నిజాం సొంత ఎస్టేటయిన సర్ఫేఖాస్ నుండి వెళ్ళినా, ఆ రెండింటికీ ఊట భూమి శిస్తే. విమానం మీద దాత పేరు ఉన్నది, ఊరి పేరు ఉన్నది, వరుస సంఖ్య ఉన్నది. దుక్కి దున్నినవాడి పేరుకు చోటు లేదు. అరడుగు అక్షరాలలోనే లేనిది రెండు మిల్లీమీటర్లలో ఎక్కడ పడుతుంది?

నమ్మిన మిత్రుడు అన్న నినాదానికి ముగింపు కూడా చెప్పాలి. మూడు దళాలకు పేరిచ్చిన సంస్థానం తనకంటూ ఒక విమానదళాన్ని పెంచుకోలేదు. 1948 సెప్టెంబరు 13న భారత సైన్యం హైదరాబాదులోకి ప్రవేశించినప్పుడు, పైన ఎగిరినవి భారత వాయుసేన టెంపెస్ట్ విమానాలు. ఎదుర్కోవడానికి నిజాం వద్ద ఒక్క యుద్ధవిమానం లేదు. ఐదు రోజుల్లో అంతా ముగిసింది. రెండు యుద్ధాల్లో మిత్రుడు పెట్టిన పెట్టుబడికి ప్రతిగా లండను నుండి ఒక్క విమానమూ రాలేదు. ఆ పాలన పోవడం మంచికే జరిగిందని నమ్మేవారిలో నేనూ ఒకడిని. అయినా ఆ తలపాగా ముద్రను, దాని క్రింది నినాదాన్ని చిత్రిస్తున్నప్పుడు, సామ్రాజ్యాల స్నేహం ఎంత వన్‌వే వ్యవహారమో తలపుకు రాక మానదు.

పాత హవేలీలోని నిజాం ప్రదర్శనశాలకు వెళ్ళినవారు అక్కడి వెండి నమూనాలను చూసే ఉంటారు. 1937 రజతోత్సవానికి వచ్చిన కానుకలలో ఊరి భవనాలను వెండిలో పోతపోసిన నమూనాలు ఉన్నాయి. పనితనం అద్భుతం. కాని అవి ప్రభువుకు ప్రభువు వైభవాన్నే చిన్నదిగా చేసి చూపిన అద్దాలు. నా ప్లాస్టిక్ విమానానికి ఆ విలువ లేదు, ఆ మెరుపు లేదు. అయితే దానికి ఒక సౌకర్యం ఉన్నది. దానిని ఎవరికీ కానుకగా ఇవ్వనక్కరలేదు. కనుక అది ఎవరినీ పొగడనక్కరలేదు. నిజం మాత్రం చెబితే చాలు.

ఆ దళాలూ ఇప్పుడు లేవు. 253వది 1957లో, 152వది 1967లో, 110వది 1971లో రద్దయ్యాయి. బేగంపేట ఆకాశంలో ప్రయాణికుల విమానాల మోత కూడా 2008 మార్చిలో శంషాబాదుకు తరలిపోయింది. మహలు ఎరుపు పోయింది. మిగిలినవి హెండన్‌లో ఒక గుడ్డ విమానం, ప్రపంచమంతటా కొన్ని వేల బల్లల మీద అంగుళానికి ఆరడుగుల కొలతలో చేసిన చిన్న విమానాలు.

కిందటి నెల నేను ఒక నైనాక్ చేయడం మొదలుపెట్టాను. ఇది పూర్తిగా నా చేతి పని; బాల్సా చెక్క, పలుచని ప్లాస్టిక్ రేకు, రెక్కల నడుమ బిగించే తీగలకు సాగదీసిన సన్నని నైలాను దారం. పీసీ 10 రంగు మూడుసార్లు కలిపి మూడుసార్లు పారబోశాను. ప్రక్కన వ్రాయవలసిన అక్షరాలను కాగితం మీద రోజూ అభ్యాసం చేస్తున్నాను. అవి పూర్తయ్యాక విమానాన్ని ఒక చిన్న కొయ్య పీఠం మీద నిలబెడతాను. ప్రక్కన మామూలుగా పెట్టే పైలటు బొమ్మను పెట్టను. అంగుళం ఎత్తు రైతును ఒకడిని చెక్కి, భుజాన గొంగడి వేసి, తల పైకెత్తి విమానాన్ని చూస్తున్నట్టు నిలబెడదామని ఆలోచన. అటువంటి దృశ్యం ఎన్నడూ జరుగలేదు. ఆ రైతు ఆ విమానాన్ని చూసే అవకాశమే లేదు. తప్పు చేయకూడదని ఇంతసేపు చెప్పి, మళ్ళీ నేనే తప్పు చేస్తున్నానా? విమానం మీద మాత్రం ఉన్నదున్నట్టే వ్రాస్తాను, ఒక్క అక్షరం కలపను. పీఠం నాది. దాని మీద ఎవరు నిలబడాలో నా ఇష్టం.

పాత స్పిట్‌ఫైర్ మీది ఎర్రచుక్కను గీకివేద్దామని చాలాసార్లు అనుకున్నాను. బ్లేడు కూడా తీశాను. కాని తాతయ్య ఆ విమానాన్ని చేతిలో పట్టుకున్నప్పుడు ఆ చుక్క దాని మీద ఉన్నది. అదీ ఇప్పుడు చరిత్రే గదా అని బ్లేడు తిరిగి డబ్బాలో పెట్టివేశాను.